గోల్ కాస్తే కూడు పెడతారా?

మహిళల ఐస్ హాకీ గోల్‌కీపర్ల గురించి గత సంచికలో వేసిన వ్యాసం చదివి బెంగళూరు తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. పేర్లు వేయవద్దని ఇద్దరు ముగ్గురు కోరినందున ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. చిన్నప్పటి నుంచి మా ఇంటి దగ్గరి రింక్‌లో స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఇప్పుడు చక్రాల స్కేట్లతో ఆడే ఇన్‌లైన్ హాకీలో గోల్ కాస్తోంది. అమెరికా, కెనడాల మహిళల లీగ్ మ్యాచ్‌లు ఫోన్‌లో చూసి, పెద్దయ్యాక తానూ ఐస్ హాకీ గోల్‌కీపర్‌గానే స్థిరపడతానంటోంది. నెల్లూరు నుంచి వచ్చిన మా మామగారు ‘గోల్ కాస్తే కూడు పెడతారా?’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా వారు ఎటూ చెప్పడం లేదు. ఇది నిజంగా జీతం వచ్చే పనేనా?
(ఒక తల్లి, మారతహళ్లి)

జవాబు: మీ మామగారు ఎగతాళికే అని ఉండవచ్చు గాని, ప్రపంచ స్థాయిలో ఈ ఆట ఆడిన స్త్రీలు కూడా దాదాపు ముప్పై ఏళ్లు ఆ ప్రశ్ననే అడుగుతూ వచ్చారు. 2023 దాకా దానికి నిజాయితీగా చెప్పగలిగిన జవాబు ‘పెట్టరు’ అనే. ఇప్పుడు ‘బహు కొద్దిమందికి పెడతారు’ అని చెప్పవచ్చు.

మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1990లో ఒట్టావాలో మొదలైంది. 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన ఒలింపిక్స్‌తో మహిళల ఐస్ హాకీకి పతకాల పట్టికలో చోటు దొరికింది. పతకాలైతే వచ్చాయి గాని, వాటి వెంట నెల జీతం రాలేదు. ఫిన్లాండ్ గోల్‌కీపర్ నూరా రాటీ సంగతి చూడండి. ఆమె అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం తరఫున గోల్ కాసిన చివరి సీజన్‌లో, అంటే 2012-13లో, ఆ జట్టు ఆడిన 41 మ్యాచ్‌లలోనూ గెలిచింది. అంతటి గోల్‌కీపర్‌కు పట్టా చేతికి వచ్చాక జీతమిచ్చి ఆడించుకునే మహిళల లీగ్ ఒక్కటి కూడా ఉత్తర అమెరికాలో లేదు. 2014 సోచి ఒలింపిక్స్ ముగియగానే, మహిళలకు వృత్తి లీగ్ రాకపోతే ఇక ఆట మానుకోవలసి వస్తుందని ఆమె బహిరంగంగానే చెప్పారు. తరువాత స్వదేశంలో పురుషుల రెండవ శ్రేణి లీగ్‌లో ఆడారు, ఆపైన చైనాలోని షెంజెన్ కేంద్రంగా ఉన్న జట్టుకు వెళ్లారు. ప్రతిభ విషయంలో ఆమెను వేలెత్తి చూపినవారు లేరు. ఆ ప్రతిభను అమ్ముకోవడానికి అంగడే లేకపోయింది.

2015లో అమెరికాలో నేషనల్ విమెన్స్ హాకీ లీగ్ నాలుగు జట్లతో మొదలై, క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 10,000 డాలర్లు ఇస్తామన్నది. మరుసటి ఏడాదే డబ్బు చాలక జీతాలలో సగం దాకా కోత పెట్టింది. కెనడాలో 2007 నుంచి నడుస్తున్న మరొక లీగ్ చాలాకాలం జీతమే ఇవ్వలేదు. 2017లో 2,000 నుంచి 10,000 కెనడా డాలర్ల భృతి ఇవ్వడం మొదలుపెట్టి, 2019 మే నెలలో మూతపడింది. అప్పుడు రెండు వందల మంది వరకు క్రీడాకారిణులు ఒక్కమాట మీద నిలబడి, బతకడానికి చాలినంత ఇచ్చే లీగ్ వచ్చేదాకా ఉత్తర అమెరికాలో ఏ లీగ్‌లోనూ ఆడబోమని ప్రకటించారు. నా దృష్టిలో ఈ ఆట చరిత్రలో ఏ ఒలింపిక్ ఫైనల్ కన్నా పెద్ద ఘట్టం అదే. నాలుగేళ్లు వాళ్లు మాట తప్పలేదు. ఆ పట్టుదల ఫలితంగానే 2023లో ప్రొఫెషనల్ విమెన్స్ హాకీ లీగ్ ఏర్పడింది.

ఈ లీగ్ తొలి మ్యాచ్ 2024 జనవరి 1న టొరంటోలో జరిగింది. న్యూయార్క్ జట్టు 4-0తో గెలిచిన ఆ మ్యాచ్‌లో గోల్‌కీపర్ కొరిన్ ష్రోడర్ తన మీదికి వచ్చిన 29 షాట్లనూ ఆపారు. మరి జీతం సంగతి. క్రీడాకారిణుల సంఘంతో కుదిరిన ఎనిమిదేళ్ల ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది కనీస వేతనం 35,000 డాలర్లు, జట్టు సగటు 55,000 డాలర్లు. ప్రతి జట్టులో కనీసం ఆరుగురికి 80,000 డాలర్లకు తగ్గకుండా మూడేళ్ల కాంట్రాక్టు ఇవ్వాలి. ఏటా కొంత శాతం పెంపు ఉంటుంది. కనీస వేతనాన్ని మన రూపాయల్లోకి మార్చి ముప్పై లక్షల చిల్లర అని మురిసిపోకండి. బోస్టన్‌లోనో టొరంటోలోనో ఇంటి అద్దె కడితే అందులో ఎంత మిగులుతుందో అక్కడ ఉండి వచ్చిన మీ బంధువులు ఎవరైనా చెబుతారు.

డబ్బుకన్నా ముందు ఆలోచించవలసింది కొలువుల సంఖ్య. ఆరు జట్లతో మొదలైన ఈ లీగ్‌లో సియాటిల్, వాంకూవర్ చేరాక, 2025-26 సీజన్ నాటికి ఎనిమిది జట్లయ్యాయి. 23 మంది ఉండే జట్టులో గోల్‌కీపర్లు సాధారణంగా ముగ్గురు. అంటే ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద పాతిక కొలువులకు మించవు. ఆ ముగ్గురిలోనూ మ్యాచ్ పొడవునా మంచుమీద ఉండేది ఒక్కరే. ముందు ఆడేవారు నిమిషానికోసారి మారుతూ ఉంటారు కాబట్టి కొత్త అమ్మాయికి రోజూ కొద్దిసేపైనా అవకాశం దక్కుతుంది. గోల్‌కీపర్‌కు అలా దక్కదు. మొదటి గోల్‌కీపర్‌కు గాయమైతేనో, ఆమె ఫామ్ పోతేనో తప్ప రెండవ ఆమెకు పిలుపు రాదు. మన విశాఖపట్నం కె.ఎస్. భరత్ టెస్టుల్లో అరంగేట్రం కోసం రిషభ్ పంత్ వెనుక ఎంతకాలం ఎదురుచూశాడో క్రికెట్ చూసే మీ వారికి గుర్తుండే ఉంటుంది. ఇక్కడా అదే వరస.

అమెరికా గోల్‌కీపర్ గ్వినెత్ ఫిలిప్స్ కథ ఇందుకు చక్కని ఉదాహరణ. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆమె మొదటి సంవత్సరాలన్నీ ఎరిన్ ఫ్రాంకెల్ వెనుక బెంచీ మీదనే గడిచాయి. 2024లో ఒట్టావా జట్టు ఆమెను ఎంచుకున్నప్పుడు అక్కడ ఎమెరెన్స్ మాష్‌మయర్ ముందున్నారు. 2025 మార్చిలో మాష్‌మయర్ గాయపడడంతో ఒట్టావా గోల్ ఫిలిప్స్ చేతికి వచ్చింది. ఏప్రిల్‌లో చెక్ దేశంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ మూడవ భాగంలో ఫ్రాంకెల్ దెబ్బతిని బయటికి వెళ్లారు. అప్పటిదాకా బెంచీ మీద చల్లబడి కూర్చున్న ఫిలిప్స్ లోపలికి దిగి, అదనపు సమయంలో అమెరికా 4-3తో కెనడాను ఓడించేదాకా గోల్ కాశారు. మే నెలలో ఒట్టావా లీగ్ ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయినా, ప్లేఆఫ్‌లలో అత్యుత్తమ క్రీడాకారిణి బహుమతి మాత్రం ఫిలిప్స్‌కే ఇచ్చారు. ఇదంతా మూడు నెలల్లో జరిగింది. దాని వెనుక అన్నేళ్ల నిరీక్షణ ఉంది. ఆ నిరీక్షణను జీర్ణించుకోగల స్వభావం మీ అమ్మాయికి ఉందో లేదో మీకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

కనుక అమ్మాయిని ఆడనివ్వండి గాని, చదువును దీనికి తాకట్టు పెట్టకండి. విచిత్రమేమిటంటే ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. పైన చెప్పినవారిలో చాలామంది అమెరికా విశ్వవిద్యాలయాల జట్లలో ఆడుతూ పట్టా తీసుకున్నవారే. అక్కడ మంచి జట్లకు ఆడేవారికి చదువు ఖర్చు తగ్గే అవకాశం కూడా ఉంది. అయితే ఆ జట్ల కోచ్‌ల దృష్టిలో పడాలంటే పదిహేను పదహారేళ్ల నాటికే మంచుమీద ఆడిన మ్యాచ్‌ల వీడియోలు ఉండాలి. మన దేశం నుంచి ఆ మెట్టు చేరడమే అన్నిటికన్నా కష్టం. దాని గురించి చివరి ఉత్తరానికి ఇచ్చిన జవాబులో రాశాం.

ప్రశ్న: ఒక అమ్మాయి అమెరికా, కెనడాల పురుషుల నేషనల్ హాకీ లీగ్ జట్టుకు గోల్ కాసిందని మా పీజీలో ఒక స్నేహితురాలు చెబితే ఎవరూ నమ్మలేదు. నిజమేనా?
(ఒక విద్యార్థిని, బీటీఎం లేఅవుట్)

జవాబు: నిజమే. ఆమె పేరు మనోన్ రేయోమ్, కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం ఆమెది. 1992 సెప్టెంబరు 23న టాంపా బే లైట్నింగ్ జట్టు తరఫున సెయింట్ లూయిస్ బ్లూస్ మీద ఒక భాగం, అంటే ఇరవై నిమిషాలు గోల్ కాసి, తొమ్మిది షాట్లలో ఏడింటిని ఆపారు. అది సీజన్‌కు ముందు ఆడే ప్రదర్శన మ్యాచ్. లెక్కలోకి వచ్చే మ్యాచ్ కాదు. ఆ తేడా మీ స్నేహితురాలికి చెప్పండి. అప్పుడే లీగ్‌లోకి వచ్చిన టాంపా జట్టు ప్రచారం కోసమే ఆమెను దింపిందని ఆనాడే విమర్శలు వచ్చాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ పత్రికల్లో పేరు రావడం కోసం దింపినా, ఎదుటివారు కొట్టిన పక్, అంటే బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల, మాత్రం నిజమైనదే కదా. ఆమె అక్కడితో ఆగలేదు. అదే ఏడాది కింది శ్రేణి లీగ్‌లో అట్లాంటా జట్టుకు ఆడి, పురుషుల వృత్తి హాకీలో లెక్కకు వచ్చే మ్యాచ్ ఆడిన తొలి మహిళ అయ్యారు. 1998 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన కెనడా జట్టులో కూడా ఉన్నారు.

ఆమె తరువాత షానన్ సబాడోస్ 2010, 2014 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి కూడా, మహిళల లీగ్‌లో బతుకుతెరువు లేక అమెరికా దక్షిణాది పురుషుల లీగ్‌లో కొలంబస్ జట్టుకు ఆడారు. 2015 డిసెంబరులో ఒక మ్యాచ్ మొత్తం ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ముగించారు. పురుషుల వృత్తి హాకీలో ఒక మహిళ అలా ముగించడం అదే మొదటిసారి. పురుషుల జట్లలోకి వెళ్లినవారిలో ఎక్కువమంది గోల్‌కీపర్లే కావడం కాకతాళీయం కాదు. మిగతా స్థానాల్లో దేహాలు ఢీకొంటాయి, బరువు, బలం లెక్కలోకి వస్తాయి. గోల్ ముందు నీలి రంగు వేసిన చోట నిలబడిన గోల్‌కీపర్‌ను ఢీకొనకూడదని నియమం ఉంది. అక్కడ కావలసినవి చూపు, కాళ్లు, లెక్క.

ప్రశ్న: మూడు గోల్స్ ఇచ్చిన గోల్‌కీపర్‌ను కూడా వ్యాఖ్యాతలు ఆకాశానికెత్తుతున్నారు. ఆమె పనితనాన్ని ఎలా కొలుస్తారు?
(ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వైట్‌ఫీల్డ్)

జవాబు: రెండు అంకెలు ముఖ్యం. తన మీదికి వచ్చిన షాట్లలో ఎన్ని ఆపిందన్నది ఒకటి. 30 షాట్లలో 28 ఆపితే దానిని 0.933 అని రాస్తారు. మ్యాచ్‌లో మూడు భాగాలు కలిపి 60 నిమిషాలు కాబట్టి, ప్రతి 60 నిమిషాలకు సగటున ఎన్ని గోల్స్ ఇచ్చిందన్నది రెండవది. తన జట్టు రక్షణ బలహీనంగా ఉంటే రెండవ అంకె చెడిపోతుంది గాని మొదటిది అంతగా చెడదు. అందుకే నలభై షాట్లు ఎదుర్కొని మూడు గోల్స్ ఇచ్చిన ఆమెను, పదిహేను షాట్లకు రెండు ఇచ్చిన ఆమెకన్నా మెరుగని అంటారు. నూరా రాటీ 2013లో అమెరికా మీద 58 షాట్లు ఆపి ఫిన్లాండ్‌ను 3-1తో గెలిపించిన మ్యాచ్‌లో ఆమె ఇచ్చిన ఒక్క గోల్‌ను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇంజనీరు గారు కాబట్టి మరొక లెక్క కూడా చెబుతాను. ఆరు మీటర్ల దూరం నుంచి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో కొట్టిన పక్ గోల్ చేరడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. చూసి, నిర్ణయించుకుని, చెయ్యి కదపడానికి ఆ సమయం చాలదు. కనుక గోల్‌కీపర్ పక్‌ను పట్టుకోవడానికి ప్రయత్నించడం కన్నా, అది రాగల దారినే ముందుగా మూసి ఉంచుతుంది. గోల్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. గీత మీదనే నిలబడితే కొట్టేవారికి నాలుగు మూలలూ కనిపిస్తాయి. రెండడుగులు ముందుకు వస్తే మూలలు ఆమె దేహం వెనక్కి వెళ్లిపోతాయి. మరీ ముందుకు వస్తే పక్‌ను పక్కకు అందించి ఖాళీ గోల్‌లో వేస్తారు. ఎంత ముందుకు రావాలన్నది షాట్ షాట్‌కూ మారుతుంది. టీవీలో ఆమె ఊరికే నిలబడి ఉండగా పక్ వచ్చి ఛాతీకి తగిలినట్టు కనిపిస్తే, పని అంతకుముందే పూర్తయిందని అర్థం.

ప్రశ్న: నేను పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఇన్‌లైన్ హాకీలో గోల్ కాసే పిల్లలు ఐస్ మీదికి మారితే ఎక్కడ ఇబ్బంది పడతారు? దెబ్బల సంగతి ఏమిటి?
(ఒక ఉపాధ్యాయురాలు, బాణసవాడి)

జవాబు: చూపు, చేతులు, కోణాల లెక్క అలాగే పనికివస్తాయి. ఇబ్బందంతా మోకాళ్ల మీద ఉన్నప్పుడు. ఐస్ మీద గోల్‌కీపర్ రెండు మోకాళ్లూ నేల మీద దించి, కాలి పిక్కలను రెండు వైపులా పరచి గోల్ అడుగు భాగాన్ని మూస్తుంది. సీతాకోకచిలుక రెక్కలు పరచినట్టు ఉంటుందని దానికి బటర్‌ఫ్లై అని పేరు. మ్యాచ్‌లో ఇది లెక్కలేనన్నిసార్లు జరుగుతుంది. అలా ఉండగానే ఒక కాలు ఎత్తి, స్కేట్ లోపలి అంచును మంచులో గుచ్చి తోసుకుంటే, ప్యాడ్ మీద జారుతూ అవతలి స్తంభం దాకా వెళ్లగలదు. మన కాంక్రీటు, టైల్ రింకుల మీద ప్యాడ్ జారదు, చక్రానికి అంచు లేదు. అందువల్ల మన పిల్లలకు పడి లేచే అలవాటు ఉంటుంది గాని, పడి జారే అలవాటు ఉండదు. ఐస్ మీద మొదటి కొన్ని వారాలు ఆ ఒక్కటే నేర్పించాలి.

దెబ్బల విషయానికి వస్తే, పక్ దెబ్బలకు ప్యాడ్లు, చేతి తొడుగులు, ముఖ కవచం ఉన్నాయి. గోల్‌కీపర్ల వృత్తిని కుదించేది ఎక్కువగా తుంటి, గజ్జల నొప్పి. బటర్‌ఫ్లైలో తొడ ఎముక లోపలికి తిరగడం వల్ల ఏళ్ల తరబడి తుంటి కీలు మీద ఒరిపిడి పడుతుంది. ఎదిగే వయసులో మోకాళ్ల మీద పడే సాధనను పరిమితంగా ఉంచి, తుంటి చుట్టూ ఉన్న కండరాలను బలపరిచే వ్యాయామాలు మీలాంటివారు చేయిస్తే ఆ పిల్లలకు పదేళ్ల తరువాత మేలు చేసినవారవుతారు. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో స్కేట్ అంచు మెడకు తగిలి ఆడం జాన్సన్ అనే క్రీడాకారుడు మరణించిన తరువాత, అంతర్జాతీయ సమాఖ్య తన పోటీల్లో మెడ కవచాన్ని తప్పనిసరి చేసింది. సాధనలో కూడా అది లేకుండా ఎవరినీ దింపకండి.

ప్రశ్న: దక్షిణాది పిల్లలు భారత మహిళల ఐస్ హాకీ జట్టులోకి వెళ్లే దారి అసలు ఉందా? జట్టులో అందరూ లడఖ్‌వారే కనిపిస్తున్నారు.
(ఒక పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి, మల్లేశ్వరం)

జవాబు: లడఖ్‌వారే ఎక్కువ. ఎందుకంటే అక్కడ చలికాలంలో చెరువులే గడ్డకట్టి రింకులవుతాయి. లేహ్‌లో పుట్టిన పిల్లకు మంచు ఉచితం, మనకు టికెట్టు కొనుక్కోవలసిన వస్తువు. జట్టు 2016లో తైపేలో జరిగిన ఆసియా ఛాలెంజ్ కప్‌తో అంతర్జాతీయ పోటీల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది బ్యాంకాక్ వెళ్లడానికి చందాలు పోగుచేయవలసి వచ్చింది. అక్కడే ఫిలిప్పీన్స్ మీద 4-3తో తొలి విజయం సాధించింది. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యంతో తొలి పతకం వచ్చింది. ఏళ్ల తరబడి ఈ జట్టు గోల్ కాసిన నూర్ జహాన్ వృత్తిరీత్యా పురాతన చిత్రాలను, తంకాలనే బౌద్ధ వస్త్ర చిత్రాలను పరిరక్షించే నిపుణురాలు. గోల్ కాయడం మీద కాదు, ఆ పని మీదనే ఆమె జీవనం. మారతహళ్లి తల్లిగారు మామగారికి చెప్పదలచుకుంటే ఈ ఉదాహరణ చెప్పవచ్చు.

దారి విషయం. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన ఒలింపిక్ పరిమాణపు రింక్ ఏళ్ల తరబడి మూతపడి, 2025లో మళ్లీ తెరుచుకుంది. వేసవి సెలవుల్లో కూడా మంచు దొరికే చోటు కాబట్టి బెంగళూరు పిల్లలకు లేహ్‌కన్నా అదే వీలు. చలికాలంలో లడఖ్‌లో జరిగే శిబిరాలకు వెళ్లాలంటే పదకొండు వేల అడుగుల ఎత్తు అలవాటు కావడానికి రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకోవాలి. మన నగరాల మాల్స్‌లో ఉండే చిన్న మంచు రింకులు స్కేట్ అంచు అలవాటు కావడానికి పనికివస్తాయి గాని, అక్కడ పక్ కొట్టనివ్వరు. గోల్‌కీపర్ సామగ్రి పూర్తిగా కొత్తది కొంటే లక్షల్లో అవుతుంది. ఎదిగే పిల్లకు రెండేళ్లలో అది చిన్నదైపోతుంది కూడా. కనుక మొదట వాడినది వెతకండి. హెల్మెట్, మెడ కవచం మాత్రం కొత్తవే కొనండి. జాతీయ పోటీలకు రాష్ట్ర సంఘం ద్వారానే పేరు పంపాలి కాబట్టి, ప్రయాణాల ఖర్చు మొదలుపెట్టకముందే ఆ సంఘంతో మాట్లాడి ఎంపికలు ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయో రాతపూర్వకంగా తెలుసుకోండి.